అమ్మని చెడ్‌వర్త్ రోమన్ విల్లాకి తీసుకెళ్లా

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? అమ్మ ఊరి నుంచి వచ్చి మూడు వారాలైంది, ఎటైనా తిప్పమని నోరు తెరిచి అడగదు కానీ హీటర్ పక్కనుంచి కదలదు కూడా, అందుకే ఈ ఆదివారం ఇక్కడ ఇంగ్లండ్‌లోని స్విండన్ నుంచి చెడ్‌వర్త్ బయలుదేరదీశా. చివర్లో దారి ఒక్క కారు పట్టేంతే. ఫోన్‌లో సిగ్నల్ పోయింది, ఎదురుగా ట్రాక్టర్! నా రివర్స్ డ్రైవింగ్ మాత్రం వీడియోలోంచి కట్ చేశానండోయ్.

కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతంలో అడవి అంచున, చిన్న లోయలో ఉంటుంది ఈ విల్లా, అంటే రోమన్ల కాలం నాటి పెద్ద ఇంటి శిథిలాలు. 1864లో బయటపడింది, 1924 నుంచి పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. నేలమీది మొజాయిక్‌ల (చిన్న చిన్న రాతి ముక్కలు పేర్చి వేసిన బొమ్మల) మీద ఎవరూ కాలు పెట్టకుండా పైకప్పు నుంచి వేలాడే నడకదారి కట్టారు.

అమ్మకి బొమ్మల కన్నా పొట్టి స్తంభాలు నచ్చాయి. వాటి మీద గది నేల నిలబడుతుంది, బయట కొలిమిలో కట్టెలు మండిస్తే వేడిగాలి నేల కిందకి దూరి, గోడల్లోని బోలు పెంకుల గుండా పైకి పోతుంది. "అంటే పొయ్యి మీదే కాపురం చేశారన్నమాట. మరి ఆ కట్టెలు ఎవరు మోశారే?" అంది. నాకెప్పుడూ తట్టని ప్రశ్న.

భోజనాల గది మొజాయిక్‌లో మూలకొకటి రుతువుల బొమ్మలు. అందులో చలికాలం నాకు భలే నచ్చింది: తలకి ముసుగున్న అంగీ, ఒక చేతిలో కుందేలు, ఇంకో చేతిలో ఆకుల్లేని కొమ్మ. అచ్చం జనవరిలో బస్టాప్ దగ్గర నేనే, కుందేలొక్కటి తక్కువ.

ఇంకో గది సంగతి చెప్పాలి. బ్రిటన్‌లో రోమన్ పాలన సుమారు క్రీ.శ. 410లో ముగిశాక ఇలాంటి ఇళ్లన్నీ పాడుబడ్డాయనే అనుకునేవారు. 28వ గదిలో గోడ కట్టడానికి తీసిన కందకంలో దొరికిన బొగ్గు, ఎముక ముక్కల్ని రేడియోకార్బన్ పరీక్ష (ఎంత పాతవో తేల్చే పరీక్ష) చేస్తే, ఆ గోడ 424కి ముందుది కాదని తేలింది, దాన్ని బట్టి ఆ గదిలోని మొజాయిక్ కూడా 5వ శతాబ్దందే అని 2020లో ప్రకటించారు. ప్రభుత్వం పోయినా ఇంట్లో ఫ్లోరింగ్ పని ఆపలేదు చూడండి!

బయటికొచ్చాక గడ్డిలో నిమ్మకాయంత నత్త. రోమన్లు తినడానికి తెచ్చుకున్న రకమట, ఇప్పుడు పట్టుకెళ్తే నేరం. అమ్మ వంగి చూసి, "దీనికి వీసా ఎన్నాళ్లే?" అంది.