గోడ మీద 14416 ఉంది సరే, ఫోన్ ఎవరి దగ్గరుంది?

నమస్తే అండి, అందరూ బాగున్నారా. ఇవాళ టాపిక్ కొంచెం బరువుగా ఉంటుంది, ఆత్మహత్యల ప్రస్తావన వస్తుంది, అది వినలేని పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇక్కడే ఆపేయండి, ఏం పర్లేదు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే మాత్రం కలిసి వినండి.

మన ఇంటర్ హాస్టళ్ల సంగతి మాట్లాడదాం. ఈ మధ్య చాలా కాలేజీల్లో మెస్ దగ్గరో మెట్ల దగ్గరో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ పోస్టర్ కనిపిస్తోంది, 14416 అని పెద్ద అంకెల్లో. మంచి సర్వీసు అది, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అంతా బానే ఉంది గానీ ఆ పోస్టర్ ముందు నిలబడ్డ పిల్లాడి జేబులో ఫోన్ ఉండదు కదా! ఇంటికి మాట్లాడాలన్నా వారానికోసారి, ఫ్లోర్ ఇంచార్జ్ ఫోన్‌లో, వెనకాల బోలెడంత క్యూ, పక్కన సారు నిలబడి టైమ్ చూస్తుంటాడు, ఆ ఐదు నిమిషాల్లో వాడు "బానే ఉన్నానమ్మా, ఈసారి వచ్చేటప్పుడు పచ్చడి తీసుకురా" అంటాడు తప్ప ఇంకేం చెప్తాడు చెప్పండి.

నేను ఈ చానల్ పెట్టకముందు కొన్నేళ్లు జూనియర్ లెక్చరర్‌గా చేశా, కాలేజీ పేరు అక్కర్లేదు, పేరు మారితే సీను మారే రకం కాదు ఇది. కాబట్టి బయటినుంచి చూసి చెప్పే మాటలు కావివి.

ఇప్పుడు కోర్టు విషయానికి వద్దాం. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది, జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా బెంచ్. కేసు మన విశాఖపట్నందే. 2023 జూలైలో అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోతే, వాళ్ల నాన్న సీబీఐ ఎంక్వైరీ కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. కోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది, అక్కడితో ఆగకుండా దేశం మొత్తానికి 15 గైడ్‌లైన్స్ పెట్టింది, స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ, చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయని చెప్పింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ స్టూడెంట్స్ ఉంటే కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి. స్టాఫ్‌కి ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు కనపడేలా పెట్టాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దు, అందరిముందూ పరువు తీయొద్దు.

ఇందులో ఏది ముందు జరుగుతుందో చూడండి. పోస్టర్ అంటించడం ఒక పూట పని. గదుల్లో, మేడ మీద కోర్టు చేయమన్న భద్రతా ఏర్పాట్లు కాంట్రాక్టర్ వచ్చి చేసిపోతాడు. బ్యాచ్‌లు విడగొట్టొద్దన్న లైన్ ఉంది చూశారా, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే వ్యాపారమంతా అక్కడే ఉంది.

తెలియనివాళ్లకి చెప్తా. వారం వారం టెస్ట్ పెడతారు. రాత్రికి రాత్రి ర్యాంకులు వస్తాయి, లిస్ట్ నోటీస్ బోర్డుకి ఎక్కుతుంది, పేరెంట్‌కి మెసేజ్ పోతుంది. కొన్ని టెస్టులు కలిపి చూసి సెక్షన్ మారుస్తారు. పై సెక్షన్‌కి మంచి ఫ్యాకల్టీ, మంచి మెటీరియల్, కింది సెక్షన్‌కి మొన్నే బీటెక్ అయిపోయి జాయినైన కుర్రాడు. ఫీజులో మాత్రం కింది సెక్షన్‌వాడే ఎక్కువ కడతాడు, రాయితీలన్నీ పైవాళ్లకే కదా. సెక్షన్ మారిందంటే చాలాచోట్ల రూమ్ కూడా మారుతుంది, అంటే రాత్రి పడుకునేముందు నాలుగు మాటలు మాట్లాడుకునే ఆ ఒక్క ఫ్రెండు కూడా పోయినట్టే. నా దృష్టిలో పెద్ద దెబ్బ అదే, మార్కులకంటే కూడా. పదిహేనేళ్ల పిల్లాడు ఊరు వదిలి, ఇల్లు వదిలి వచ్చాడు, వాడికి మిగిలింది పక్క మంచం వాడొక్కడు, వాణ్ణి కూడా ఒక ఎక్సెల్ షీట్ చూసి తీసేస్తున్నాం మనం.

అదే సుప్రీంకోర్టు తీర్పులో ఒక లెక్క ఉంది, ఎన్‌సీఆర్‌బీది, అంటే నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరోది. 2022లో దేశంలో 13,044 మంది స్టూడెంట్స్ ఆత్మహత్య చేసుకున్నారు, పరీక్ష ఫెయిలవడం వల్ల అని నేరుగా రాసిన కేసులు 2,248. మరి మిగతావాళ్లు? ఎవరైనా పిల్లాడు పోయాడనగానే "మార్కులు రాలేదేమో పాపం" అనేస్తాం, మార్కులు బానే వస్తున్నాయి కాబట్టి వీడికేం ప్రాబ్లం లేదనీ అనుకుంటాం. ఈ రెండోది ఇంకా డేంజర్. ఇంకోటి, 2015-16 నేషనల్ మెంటల్ హెల్త్ సర్వే 12 రాష్ట్రాల్లో చేశారు, అందులో ఆంధ్రా లేదు, తెలంగాణ లేదు! 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అందులో తేలింది. ఆ లెక్కన 60 మంది సెక్షన్‌లో నలుగురు. మన హాస్టళ్లలో కూడా నలుగురేనా, ఎక్కువా, ఆ సర్వే చెప్పదు.

2019 తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ మర్చిపోలేదు కదా, ఏప్రిల్ 18న వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిల్, లెక్కల్లో తప్పులు, తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి మెమోలో సున్నా. తర్వాత ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఫ్రీగా మళ్లీ చూశారు, వెయ్యిమందికి పైగా పాసయ్యారు. కానీ ఆలోపే ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. బోర్డు తప్పు చేసి ఉండొచ్చు అనే ఆలోచన ఆ రాత్రి వాళ్లకి చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా పక్కన? అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, రీకౌంటింగ్ ఉంది, ఇవి ఫలితాలు వచ్చాక టీవీలో చెప్పే మాటలు, ఫలితాలకు ముందే క్లాసులో చెప్పాల్సినవి.

కమిటీలకేం తక్కువ లేదు, ఉమ్మడి ఏపీలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీ, 2017లో ఏపీలో చక్రపాణి కమిటీ, ఇవన్నీ కాలేజీ పిల్లల చావుల మీద వేసినవే. గవర్నమెంట్ స్కూళ్ల వైపు 2020లో ఆయుష్మాన్ భారత్ కింద స్కూలుకి ఇద్దరు టీచర్లని, వీలైతే ఒక సారు ఒక మేడమ్, హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా పెట్టే స్కీమ్ వచ్చింది, ఐడియా నాకు నచ్చింది, కాకపోతే అదే టీచర్‌కి ఆన్‌లైన్ అటెండెన్సూ, మధ్యాహ్న భోజనం ఫొటోలూ, ఎన్నికల డ్యూటీ కూడా ఉంటాయి, సరే వదిలేయండి.

కౌన్సెలర్‌ని పెట్టారనుకుందాం. ఆ గది ఎక్కడుంది? ప్రిన్సిపాల్ రూమ్ పక్కనే ఉంటే ఎవడూ రాడు. జీతం ఇచ్చేది మేనేజ్‌మెంట్, సాయంత్రం రిపోర్ట్ అడిగేది డీన్. పిల్లాడు "నాకు బైపీసీ ఇష్టం లేదు మేడమ్" అన్నాడనుకోండి, రాత్రికల్లా వాళ్ల నాన్నకి ఫోన్ వెళ్తుంది, నాన్న పొద్దున్నే బస్సెక్కి వచ్చి గేటు దగ్గరే తిడతాడు. అయిపోయింది, ఆ ఒక్కడే కాదు, చూసినవాళ్లెవరూ జన్మలో ఆ గది తలుపు తట్టరు. అందుకే మొదటి నిమిషంలోనే కౌన్సెలర్ చెప్పాలి, "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తేనో, ఎవరైనా నిన్ను హింసిస్తున్నారంటేనో తప్ప బయటికి పోదు, పోవాల్సి వస్తే ముందు నీకు చెప్పి చేస్తా" అని. అలా చెప్పి, దాని మీద నిలబడాలి.

లెక్చరర్లకి, వార్డెన్లకి ఒక మాట. చనిపోవాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని భయపడతాం. కాదండి, డబ్ల్యూహెచ్ఓ కూడా అదే చెప్తుంది, అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉంటే చెప్పుకునే దారి దొరుకుతుంది. మెస్‌కి రావడం మానేసిన పిల్లాడు, వాచీ, బుక్స్ ఎవరికో ఇచ్చేస్తున్న పిల్ల, కనపడితే పక్కకి పిలిచి కూర్చోబెట్టి "ఏంటి నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగండి. అవునంటే లెక్చర్ ఇవ్వకండి, అమ్మానాన్న కష్టం గుర్తుచేయకండి, వాడు ఆల్రెడీ దాని కిందే నలుగుతున్నాడు. ఒంటరిగా వదలకండి, మీ ఫోన్ తీసి మీరే 14416 కలిపి వాడి చేతికివ్వండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పోలీస్ కేసవుతుందని దాచేవాళ్లున్నారు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు.

ఇక పేరెంట్స్. టెన్త్ పరీక్షలు కాకముందే కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు, టీ తాగుతారు, ర్యాంకుల పాంప్లెట్ ఇస్తారు, రాయితీ మాట్లాడతారు. ఆ రోజే అడగండి. కౌన్సెలర్ ఎవరు, క్వాలిఫికేషన్ ఏంటి, ఒకరికి ఎంతమంది పిల్లలు, పిల్లలు చెప్పింది ఎవరికి చేరుతుంది. మధ్యలో సెక్షన్ మారిస్తే రూమ్ కూడా మారుస్తారా. రాత్రి పదకొండింటికి మావాడికి 14416 చేయాలనిపిస్తే, పక్కన ఎవరూ నిలబడకుండా మాట్లాడుకోడానికి ఫోన్ ఎక్కడ పెట్టారు, చూపిస్తారా. ఫీజు గురించి అంతసేపు బేరమాడతారు కదా, దీని మీద కూడా ఆడండి, అడ్మిషన్ కావాల్సింది వాళ్లకి.