‘దక్కాలి’ అనే మాట దగ్గర మొదలైన గొడవ

అక్క: నమస్తే అండీ. విజయవాడ నుంచి మళ్లీ మేమిద్దరం. నా పక్కన మా తమ్ముడు, అంటే మా పిన్ని కొడుకు. పోయిన ఆదివారం సత్యనారాయణపురంలో పిన్ని వాళ్లింట్లో భోజనాలయ్యాక టీవీలో ‘ఆర్య’ వస్తోంది. అది చూస్తూ ఇద్దరం గొడవపడ్డాం. పిన్ని వచ్చి రిమోట్ లాక్కునేదాకా ఆగలేదు. ఈ వారం ఆ గొడవే మాట్లాడుకుందాం.

తమ్ముడు: నేనన్నది చిన్న మాటే అండీ. తను ఇష్టపడ్డ అమ్మాయి వేరేవాడితో ఉంది. అయినా ఆర్య నవ్వుతూనే ఉంటాడు, వాళ్లిద్దరికీ సాయం కూడా చేస్తాడు. అంత మంచోడికి ఆ అమ్మాయి దక్కాలి కదా అన్నాను.

అక్క: ఆ ‘దక్కాలి’ దగ్గరే నాకు మండింది. ఆ సినిమా 2004లో వచ్చింది. సుకుమార్‌కి డైరెక్టర్‌గా మొదటి సినిమా. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను, అందరితో పాటు నాకూ నచ్చింది. ఇప్పుడు చూస్తే ఆ అమ్మాయి గీత మీదే నా కళ్లున్నాయి. ఆమెతో ఉన్న ఆ వేరేవాడు, అజయ్, ఏం చేశాడు? ప్రేమిస్తున్నానని చెప్పకపోతే పైనుంచి దూకేస్తానన్నాడు. ఆ పిల్ల భయపడి సరేనంది. ఆర్య ఏం చేశాడు? వద్దని మొహం మీద చెబుతున్నా వెంటే తిరిగాడు. ఒకడు బెదిరింపుతో, ఇంకొకడు సేవతో. ఆమె మాట మాత్రం ఇద్దరి చెవికీ ఎక్కలేదు.

తమ్ముడు: ఆర్యనీ అజయ్‌నీ ఒకే గాటన కట్టేస్తున్నావక్కా. అజయ్‌కి పొగరు. ఆర్య అలా కాదు.

అక్క: కాదు, నిజమే. అందుకే ఆర్యకి ‘వద్దు’ చెప్పడం ఇంకా కష్టం. పొగరుబోతును తిడితే నలుగురూ మన వైపు ఉంటారు. మంచోణ్ని కాదంటే తప్పు మనదే అయిపోతుంది. ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. చెప్పనా?

తమ్ముడు: చెప్పక్కా.

అక్క: సెకండియర్‌లో మా క్లాస్‌లో ఒకబ్బాయి బొమ్మలు బాగా వేసేవాడు. నా బోటనీ రికార్డు తీసుకెళ్లి మొక్కజొన్న కాండం అడ్డుకోత బొమ్మ వేసి తెచ్చాడు. హెచ్‌బీ పెన్సిల్‌తో చుక్క పక్కన చుక్క పెట్టి, ఎక్కడా చెరిపిన మరక లేకుండా. లేబుల్ గీతలన్నీ స్కేలు పెట్టి కుడివైపుకే లాగాడు. మేడం క్లాసులో ఎత్తి చూపించింది. అలా ఏడాదంతా వేశాడు. జిరాక్సులు తెచ్చాడు, బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపేవాడు. నేను థాంక్స్ చెప్పేదాన్ని, మంచి ఫ్రెండ్ అనుకునేదాన్ని. మార్చిలో ప్రపోజ్ చేశాడు. నాకలాంటి ఉద్దేశం లేదని మర్యాదగానే చెప్పాను. అప్పుడు లెక్క మొదలైంది. ఎన్ని బొమ్మలు, ఎన్ని జిరాక్సులు, ఎన్నిసార్లు సీటు. అన్నీ గుర్తున్నాయి వాడికి. ‘ఇంత చేశాక కూడానా?’ అన్నాడు.

తమ్ముడు: మీ ఫ్రెండ్సేమన్నారు?

అక్క: వాడి వైపే మాట్లాడారురా! ‘అంత మంచోణ్ని బాధపెట్టావే’ అన్నారు. ప్రాక్టికల్స్ అయ్యేదాకా నేను ఆ బస్సెక్కలేదు. ఏడాదిపాటు స్నేహమనుకున్నది ఒక్కసారిగా అప్పుగా మారింది. ఆ అప్పు నేను తీసుకున్నట్టు నాకే తెలియదు.

తమ్ముడు: ఆదివారం ఇది చెప్పుంటే నేనంత వాదించేవాణ్ని కాదు. నేనూ ఒకటి చెప్పాలి. బీటెక్‌లో నేనూ ఒకమ్మాయి కోసం అలాగే తిరిగాను. రోజూ కానూరు నుంచి బెంజ్ సర్కిల్ దాకా బండి మీద దింపేవాణ్ని. కాదన్నప్పుడు పైకి ఏమీ అనలేదు కానీ, పెట్రోల్ డబ్బులతో సహా లోపల లెక్కేసుకున్నాను. ఎవరు నేర్పారో తెలియదన్నట్టు మాట్లాడలేను. సినిమాల్లో చూసిందే అది. ఓపిక పడితే చివరి రీల్లో వస్తుందని.

అక్క: హాలీవుడ్‌లో కూడా ఈ పేచీ ఉంది. 1986లో ‘ప్రెటీ ఇన్ పింక్’ అని వచ్చింది. అందులో డకీ అని చిన్నప్పటి ఫ్రెండ్, హీరోయిన్ అంటే ప్రాణం. ముందు తీసిన ముగింపులో ఆమె అతనితోనే ఉంటుంది. రిలీజ్‌కి ముందు కొంతమందికి వేసి చూపిస్తే వాళ్లకి నచ్చలేదు, ముగింపు మార్చి తీశారు. ఆ కథ రాసిన జాన్ హ్యూస్ మరుసటి ఏడాదే ఇంకో సినిమా రాశాడు. అందులో వెంటే ఉన్న ఫ్రెండ్‌కే ప్రేమ దొరుకుతుంది. కాకపోతే అక్కడ ఎదురుచూసేది అమ్మాయి.

తమ్ముడు: ఇంకో రకం మంచోడున్నాడు కదక్కా. పెళ్లి కుదిరిన అబ్బాయి. ఉద్యోగం, మర్యాద అన్నీ ఉంటాయి. తాళి కట్టే టైముకి హీరో వస్తే పక్కకి తప్పుకోవడమే అతని పని.

అక్క: వాడంటే నాకు ప్రాణం! హాలీవుడ్‌లో రాల్ఫ్ బెల్లమీ అనే నటుడికి ఈ పాత్రలే గుర్తింపు తెచ్చాయి. 1937లో ఒకసారి, 1940లో ఇంకోసారి, రెండుసార్లూ క్యారీ గ్రాంట్ చేతిలోనే ఓడిపోయాడు. నాకు మాత్రం 1993 నాటి ‘స్లీప్‌లెస్ ఇన్ సియాటిల్’లో వాల్టర్ గుర్తొస్తాడు. పాపం అన్నిటికీ ఎలర్జీ. పెళ్లి ఖాయమయ్యాక, రెస్టారెంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఆ అమ్మాయి తన మనసు వేరేచోట ఉందని చెబుతుంది. ఉంగరం వెనక్కిచ్చేస్తుంది. వాల్టర్ అరవడు, నేనేం తక్కువ చేశానని అడగడు. సర్దుకుపోయి నన్ను చేసుకోవద్దు అన్నట్టు మాట్లాడి వదిలేస్తాడు.

తమ్ముడు: అలాంటివాణ్ని మన హాల్లో ‘బకరా’ అంటారు.

అక్క: అంటారు, అదే నా బాధ. ‘వద్దు’ విని లేచి నిలబడగలిగినవాడు సైడు క్యారెక్టర్. లెక్కలేసుకుంటూ వెంటపడ్డవాడు హీరో. నా రికార్డులో బొమ్మలేసిన అబ్బాయి చూసిందీ, నువ్వు చూసిందీ ఆ హీరోనే. వాల్టర్ లాంటి పాత్రకి మనవాళ్లు ఒక పాటైనా ఇచ్చి ఉంటే, కాదన్నప్పుడు ఎలా లేచి వెళ్లాలో ఒక నమూనా ఉండేది మీకు.

తమ్ముడు: ఆ రికార్డు ఉందా ఇంకా?

అక్క: అమ్మ అటక మీద ట్రంకు పెట్టెలో పెట్టింది. పోయినేడు మా పాప తీసి చూసి, ‘ఇంత బాగా ఎవరేశారమ్మా?’ అంది. క్లాస్‌మేట్ అని చెప్పాను.

తమ్ముడు: సరే, వినేవాళ్లకి ఒక పని పెడదాం. తెలుగు సినిమాల్లో ‘వద్దు’ అనగానే మర్యాదగా తప్పుకుని, తన బతుకు తాను హాయిగా బతికిన అబ్బాయి పాత్ర ఏదైనా గుర్తొస్తే పంపండి. వచ్చే వారం వాళ్ల గురించే.

అక్క: తాగుబోతైపోయినవాళ్లు వద్దు.

తమ్ముడు: అవును, వాళ్లు వద్దు. ఉంటామండీ.