పాదాల మీద మనసు పెడితే

(హనుమకొండలో హోటల్ కార్మికుల శిక్షణ తరగతిలో, పని మానేసిన ఒక దోసె మాస్టర్ ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, మేనేజర్ గారికి, ముందు వరుసలో కూర్చున్న సార్లకు, వెనక గోడకు నిలబడ్డ మాస్టర్లకు, సప్లయర్లకు, క్లీనర్లకు నమస్కారం. పేరుపేరునా చెప్తే చాయ్ చల్లారుతుంది.

పనిలో మనసు నిలపడం గురించి మాట్లాడమన్నారు. పొద్దున సారు మన చేత కళ్లు మూయించి శ్వాసను గమనించమన్నారు. బాగుంది. 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన, ఎన్నాళ్లకూ తగ్గని నొప్పులున్న రోగుల కోసం తరగతులుగా దీన్ని మొదలుపెట్టారు. మూలం మాత్రం బుద్ధుడిదే. పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట స్తూపం ఉంది, చూసి రండి. సరే, అది వేరే ముచ్చట.

మాకు మనసు నిలపడం రాదని ఎవరన్నారు? పెనం మీద నీళ్లు చల్లితే, చుయ్‌మనే తీరును బట్టి వేడి ఎంతో చెప్తాను. ఒకేసారి ఆరు దోసెలు. ఒకటి ఉల్లి, ఒకటి నూనె తక్కువ, ఒకటి పిల్లలకు కారం లేకుండా. చీటీ ఉండదు. మనసు పక్కకు పోయిందా, దోసె మాడుతుంది. మాడిన దోసె డబ్బులు జీతంలో కోసేవాళ్లు, అది కూడా చెప్పాలి.

మేడారం జాతర రోజులైతే పొద్దు తెలియదు. తెల్లవారుజామున పొయ్యి అంటిస్తే, ఆఖరి బస్సు జనం తిని పోయేదాకా నిలబడే ఉండాలి.

అట్లా ఇరవై రెండేళ్లు. ఆ తర్వాత ఇలాంటి తరగతికే ఒకసారి పంపించారు. "పాదాల మీద మనసు పెట్టండి" అన్నారు. పెట్టాను. అన్నేళ్లు వాటి మీద నిలబడ్డాను గానీ, ఎట్లున్నారని ఒక్కనాడూ అడగలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సారు నాకు శాంతి కలిగిందనుకుని సంతోషపడ్డారు!

డాక్టర్ దగ్గర ప్యాంటు పైకి మడిస్తే పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి ఉన్నాయి. వెరికోస్ వీన్స్ అన్నారు. నడుస్తుంటే పిక్కలు రక్తాన్ని పైకి తోస్తాయట. గంటల తరబడి కదలకుండా నిలబడితే అది కిందనే ఆగుతుందట.

మా ఓనర్‌ని స్టూలు అడిగాను. ఆర్డర్ లేనప్పుడు కూర్చోవడానికే. "అద్దంలోంచి కస్టమర్ చూస్తడు. మాస్టర్ కూర్చుంటే గిరాకీ లేదనుకుంటడు" అన్నాడు. నూనె డబ్బా బోర్లించి కూర్చున్నాను. తెల్లారేసరికి ఆ డబ్బా పాత సామాన్ల బండెక్కింది.

కేరళలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కొట్లాడితే 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. మన దగ్గర సంగతి అడుగుదామని రాసుకొచ్చాను, ఇంకా రెండు పేజీలున్నాయి.

కానీ తమ్ముడూ, ఆ ట్రే పట్టుకున్న తమ్ముడూ, నేను మొదలుపెట్టినప్పటి నుంచి నిలబడే ఉన్నావు. ఆ వరుసలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, కూర్చో. అక్కా, నువ్వు కూడా. ట్రే కింద పెట్టు, చాయ్ మేమే తీసుకుంటాం.

కూర్చోరేం?

మేనేజర్ గారూ, మీరొక మాట చెప్పండి. వాళ్లు మీ వైపే చూస్తున్నారు.