ఏ సుబ్బారావు?

సర్పంచిగారికి, లైబ్రేరియన్ అమ్మాయికి, ఎండలో కూర్చున్న అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, సుబ్బారావుగారి గురించి నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. "ఏ సుబ్బారావండీ?" అన్నాను. అందరూ నవ్వారు. ముప్పై ఏళ్లు ఈ లంకల్లో ఉత్తరాలు పంచినవాణ్ని, నాకది నవ్వులాట కాదు.

మన గోదావరి జిల్లాల్లో సుబ్బారాయుడికి మొక్కుకుంటే పుట్టినవాళ్లు ఎందరో! అత్తిలి షష్ఠి తీర్థంలో "ఒరేయ్ సుబ్బారావూ" అని కేకేసి చూడండి, ఎన్ని తలలు తిరుగుతాయో. ఆ పేరున్నవాళ్లలో లోకానికి తెలిసినవాళ్లూ ఉన్నారు. న్యాపతి సుబ్బారావు పంతులుగారు 1878లో 'ది హిందూ' పెట్టిన ఆరుగురిలో ఒకరు. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావుగారు 2008 నుంచి 2013 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు దేశానికి ప్రధాన న్యాయమూర్తి. పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని తగ్గించడానికి వీల్లేదని 1967లో గోలక్‌నాథ్ తీర్పిచ్చి, ఆ ఏడే పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి ఓడిపోయారు. అదీ మగతనం. సరే, దారి తప్పుతున్నాను.

మీరడిగింది భీమవరంలో 1895లో పుట్టిన మందుల శాస్త్రవేత్త యల్లాప్రగడవారి గురించి. మా నాయనమ్మ కుడికాలు రోకలిలా ఉండేది. పట్టీ పెట్టుకోలేదు, చెరువు మెట్లు దిగలేదు. ఇప్పుడు ఆశా అమ్మాయి ఇంటికొచ్చి ఎదురుగా మింగిస్తుందే, ఆ బోదకాలు మాత్ర, అది అమెరికాలో ఆయన పరిశోధన నడిపించిన లెడర్లీ మందుల కంపెనీలో పుట్టిందే. మన గడప మందు అక్కడ తయారైందండి!

ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ బ్యానర్ చూడండి. 'వై. సుబ్బారావు'! ఇంటిపేరు రాయడానికి గుడ్డ చాల్లేదా? తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నేనూ ఒకప్పుడు ఒక్క అక్షరం చూసి చాలనుకున్నవాణ్నే.

అప్పట్లో ఒక టెలిగ్రాం వచ్చింది. 'కె. సుబ్బారావు. తండ్రి సీరియస్. వెంటనే బయల్దేరు.' మన ఊళ్లో ఇద్దరు కె. సుబ్బారావులు. ఇద్దరి తండ్రులూ కాకినాడలో అన్నల దగ్గరే ఉండేవారు. రైసు మిల్లు గుమాస్తా టీ కొట్టు దగ్గర కనిపించాడు, ఇచ్చేశాను. పాపం, చెప్పులు కూడా వేసుకోకుండా పంటు ఎక్కాడు. తీరా వెళ్తే వాళ్ల నాన్న అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడట. మర్నాడు మధ్యాహ్నం ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

రెండో ఆయన మగ్గం నేసేవాడు. నేను పరిగెత్తి చెప్పేసరికి పొద్దు వాలింది. ఆయన వెళ్లేటప్పటికి చితి ఆరిపోయింది.

పెద్దకర్మ అయ్యాక, గుండుతో పోస్టాఫీసుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదండి. "ఆ కాగితం ఉంటే ఇవ్వండి, మా నాన్న గురించి వచ్చిన ఆఖరి కబురు" అన్నాడు. ఇచ్చాను. నా పెన్నే అడిగి తీసుకుని, 'కె' పక్కన ఇంటిపేరు పూర్తిగా రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.