అడ్మిషన్లయ్యాక చూద్దాంలే అన్నాను

వేదిక మీదున్న పెద్దలకి, శనివారం సెలవు వదులుకుని వచ్చిన సిస్టమ్ అడ్మిన్లందరికీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. నాకిచ్చిన అంశం డీఎన్‌ఎస్ సర్వర్ల భద్రత, అంటే సైటు పేరు అడిగితే దాని ఐపీ (నెట్‌లో నంబరు చిరునామా) చెప్పే సర్వర్ల భద్రత. స్లైడ్లు చేసుకొచ్చాను, పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, ఎవరికి కావాలంటే వాళ్ళు కాపీ చేసుకోండి. వాటికంటే ముందు 2015 నుంచి నాలోనే ఉండిపోయిన ఒక సంగతి చెప్పాలి.

అప్పుడు నేనొక విద్యాసంస్థలో కంప్యూటర్ సెంటర్ చూసేవాణ్ణి. పేరు వద్దు. మా డీఎన్‌ఎస్ ఒక పాత టవర్ మెషీన్ మీద నడిచేది, సెంటోస్ 6 అనే లినక్స్, దాని మీద బైండ్ 9.8.2 అనే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్. స్విచ్‌బోర్డు మీద ‘ఆపవద్దు’ అని స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం, దాని మీద సెలోటేపు, ఆ టేపు కూడా పసుపు రంగుకి తిరిగింది. లెక్కకి మాకు రెండు నేమ్‌సర్వర్లు, అంటే డీఎన్‌ఎస్ సర్వర్లు, ఎన్‌ఎస్1, ఎన్‌ఎస్2. నిజానికి ఆ రెండో ఐపీ కూడా అదే మెషీన్‌దే. డొమైన్ పేరు నమోదు చేసే రిజిస్ట్రార్ ఫారంలో రెండు గళ్ళున్నాయి కాబట్టి రెండు నింపాం, అంతే.

2015 జులై 28న బైండ్ తయారుచేసే ఐఎస్‌సీ వాళ్ళు ఒక హెచ్చరిక ఇచ్చారు. టీకీ అనే రకం ప్రశ్న ఒకటి ప్రత్యేకంగా తయారుచేసి పంపితే చాలు, సర్వీస్ దానంతటదే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, లోపలికి రానక్కర్లేదు, ఒకే ఒక్క యూడీపీ ప్యాకెట్, అంటే నెట్‌లో పంపే చిన్న డేటా ముక్క. సెట్టింగులు మార్చి తప్పించుకునే దారి కూడా లేదు, ప్యాచ్, అంటే లోపం సరిచేసిన కోడ్, వేయడమొక్కటే మార్గం. మా దగ్గర కాంట్రాక్ట్ మీద పనిచేసే అబ్బాయి ఒకడు, చేరి ఏడాది కూడా కాలేదు, ఆ పేజీ ప్రింట్ తీసి నా టేబుల్ మీద పెట్టాడు. ‘సార్, రాత్రి ఒక్క అరగంట ఇవ్వండి, అప్‌డేట్ చేసేస్తాను’ అన్నాడు. నేనేమన్నానో తెలుసా? ‘నడుస్తోంది కదయ్యా, అడ్మిషన్లయ్యాక చూద్దాంలే’.

వారం తిరగలేదు. అడ్మిషన్ల పోర్టల్‌కి చివరి తేదీ, పొద్దున పదిన్నర. మా రికార్డులకి టీటీఎల్, అంటే బయటి సర్వర్లు మా జవాబుని గుర్తుపెట్టుకునే గడువు, గంట పెట్టుకున్నాం కాబట్టి మొదటి గంటలో కొందరికి సైట్ తెరుచుకుంటోంది, కొందరికి లేదు. అందుకే ఫోన్ చేసినవాళ్ళకి ‘మీ నెట్ చూసుకోండి’ అని సమాధానం చెప్పాం. వెబ్‌సర్వర్ దగ్గరికెళ్తే పచ్చలైట్లు వెలుగుతున్నాయి, డేటాబేస్ బాగుంది, అన్నీ బాగున్నాయి, వాటి చిరునామా చెప్పేవాడు మాత్రం లేడు. మెయిళ్ళూ రావడం మానేశాయి. పన్నెండింటికి గేటు దగ్గర ఒక పెద్దాయన, ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట, ఫారం నంబరు చిన్న కాగితం మీద రాసుకుని కనబడ్డవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. ఆ కాగితం చెమటకి తడిసిపోయింది.

ఆ అబ్బాయి సర్వీస్ స్టార్ట్ చేస్తాడు, రెండు నిమిషాలకి పడిపోతుంది, మళ్ళీ స్టార్ట్ చేస్తాడు, మళ్ళీ పడుతుంది. ఎవరో ఆ ప్యాకెట్ వదులుతూనే ఉన్నారు. లాగ్‌లో అసర్షన్ ఫెయిల్యూర్ అని ఒకటే వరుస. చివరికి నా వైపు చూశాడు, నేను తలూపాను. అప్‌డేట్ కమాండ్ కొట్టాడు: యమ్ అప్‌డేట్ బైండ్, ఎంటర్. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నాలుగు నిమిషాలండీ.

ఆ తర్వాత మీటింగ్. పైవాళ్ళలో ఒకరు బయట నుంచి ఎవరితోనో చెక్ చేయించి, ‘వెర్షన్ ఇంకా 9.8.2 అనే చూపిస్తోంది, నువ్వు చేసిందేమిటి?’ అని అబ్బాయిని నిలదీశారు. ఇది మీలో కొందరికి తెలుసు, మా సెంటోస్‌కి మూలమైన రెడ్ హ్యాట్ వాళ్ళు పాత వెర్షన్‌లోకే ప్యాచ్ తెచ్చి కలుపుతారు, ముందు నంబరు అలాగే ఉంటుంది, చివర తోక మారుతుంది. వాడు అదే చెప్పాడు, ఎవరూ వినలేదు. నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు. వాడికి మెమో ఇచ్చారు, కాంట్రాక్ట్ పొడిగించలేదు. ఆ ప్రింట్ కాగితం నా డ్రాయర్లోనే ఉంది అప్పుడు.

అందుకని ఇక్కడున్న హెచ్‌ఓడీలకి, సెక్షన్ ఆఫీసర్లకి నాదొక విన్నపం. మీ కుర్రాడు అప్‌డేట్‌కి టైమ్ అడిగితే నోటిమాటగా వద్దనకండి. కాగితం మీద ‘వద్దు’ అని రాసి, కింద మీ సంతకం పెట్టండి. పెట్టలేకపోతే టైమ్ ఇవ్వండి. నెలకొక రోజు ముందే రాసిపెట్టుకోండి.

ఇక సాంకేతికం త్వరగా చెప్పేస్తాను. రెండో నేమ్‌సర్వర్ వేరే బిల్డింగ్‌లో, వేరే నెట్‌వర్క్‌లో ఉండాలి. మీ జోన్లకి, అంటే మీ డొమైన్ల రికార్డులకి, జవాబిచ్చే సర్వర్ ఊళ్ళోవాళ్ళందరికీ రికర్షన్, అంటే వేరేవాళ్ళ పేర్లు కూడా వెతికిపెట్టే పని, చేసిపెట్టకూడదు, అలా వదిలేస్తే మీ మెషీన్‌ని వాడుకుని ఇంకొకరి మీద దాడి చేస్తారు. జోన్ ట్రాన్స్‌ఫర్, అంటే రికార్డులన్నీ ఒకేసారి కాపీ తీసుకోవడం, మీ రెండో సర్వర్‌కి మాత్రమే తెరవండి. డీఎన్‌ఎస్‌సెక్, అంటే రికార్డులకి డిజిటల్ సంతకాలు, పెట్టుకుంటే చాలా మంచిది, 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ బయటపెట్టిన కాష్ పాయిజనింగ్‌కి, అంటే సర్వర్ గుర్తుపెట్టుకునే జవాబుల్లో దొంగ చిరునామా చొప్పించడానికి, అసలు మందు అదే, కానీ సంతకాలకి గడువుంటుంది, అది దాటిందంటే వాటిని సరిచూసే రిజాల్వర్లకి, అంటే జనం తరఫున పేర్లు వెతికే సర్వర్లకి, మీ డొమైన్ లేనట్టే.

అన్నిటికంటే ముఖ్యం రిజిస్ట్రార్ ఖాతా. సర్వర్‌ని ఎంత కట్టుదిట్టం చేసినా ఆ ఖాతా పాస్‌వర్డ్ పోతే అంతా పోయినట్టే. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వం తన పౌర శాఖలకి పది పనిదినాల గడువిచ్చింది, డీఎన్‌ఎస్ రికార్డులు సరిచూసుకోండి, ఆ ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చండి, రెండో అంచె ధృవీకరణ పెట్టండి అని. మన దగ్గర చాలాచోట్ల ఆ ఓటీపీ ఎప్పుడో రిటైరైన క్లర్కు ఫోన్‌కి పోతుంది. రెన్యువల్ నోటీసు ఎవరిదో సొంత జీమెయిల్‌కి పోతుంది. సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే మొదటి పని అదే పెట్టుకోండి.

రెండోది ఇప్పుడే చేద్దాం. టీ వచ్చింది, కాసేపు ఆగుతుంది. లాప్‌టాప్‌లు తెరవండి. డిగ్ అనే కమాండ్‌తో మీ డొమైన్‌కి ఎన్‌ఎస్ రికార్డులు అడగండి, ఆ రెండు పేర్లకీ ఐపీలు తీయండి. పక్కపక్క నంబర్లు వచ్చినవాళ్ళు లేచి ముందుకు రండి, మీతోనే మొదలుపెడతాను.