కూర్చుని చెప్పు

శ్రోతలందరికీ నమస్కారం. టైము తక్కువ, అందుకే ఉదయగిరి చరిత్ర మొత్తం చెప్పబోవడం లేదు, గజపతుల చేతిలోంచి రాయల చేతికి, తర్వాత గోల్కొండ వాళ్ళకి, ఇట్టా చేతులు మారిన దుర్గం అది, అంతవరకు చాలు. నాకు చెప్పాలనుంది ఆ కొండ ఎక్కేటప్పుడు మనిషి లోపల జరిగే గొడవ గురించి.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా 100 కిలోమీటర్ల లోపే ఉదయగిరి. కొండ సముద్రమట్టానికి 3000 అడుగుల పైనే. ఎత్తు పెద్ద సమస్య కాదు, సమస్యల్లా ఆ గోడలు. కింద నుంచి చూస్తే పైన ఒక గోడ కనపడతది, అదే చివర అనుకుని రొప్పుకుంటా పోతాం, తీరా అక్కడికి పోతే ఇంకో గోడ, దాని వెనక ఇంకోటి. కాళ్ళు బాగానే ఉంటాయి, మనసు ముందు కూలబడతది.

ఈ దుర్గాన్ని పట్టుకోడానికి కృష్ణదేవరాయలకే ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ దక్కలేదు. న్యూనిజ్ అని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి తర్వాత రోజుల్లో విజయనగరం వచ్చి ఈ సంగతులన్నీ రాసిపెట్టాడు. ఒక మనిషి వెనక ఒక మనిషి పోవాల్సినంత ఇరుకు దారి ఉంటే, రాయలు దాన్ని వెడల్పు చేయించాడంట, ఇంకా కొత్త దార్లు కూడా వేయించాడంట. గెలిచినాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు, అది అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ఎప్పుడూ ఆ దార్లు వేసిన కూలోళ్ళే గుర్తొస్తారు. ఏడాదిన్నర పడతదని వాళ్ళకి ముందే చెప్పుంటే ఎంతమంది ఉండేవాళ్ళో మరి! వాళ్ళకి కనపడింది ఆ రోజు ఎదురుగా ఉన్న బండ, అంతే.

సరే, మా బావ సంగతికి వస్తా. నెల్లూరు ట్రంకు రోడ్డులో షాపు, పొద్దుగూకులూ కుర్చీలో కూర్చునే మనిషి. మేం కొందరం కలిసి దుర్గం ఎక్కుదామంటే నేనూ వస్తానన్నాడు, అక్క కూడా బయల్దేరింది. మొదట్లో అందరికంటే ముందు బావే, జోకులేసుకుంటా, వెనకపడినోళ్ళని ఏడిపిస్తా. రెండో గోడ దాటినాక మూడోది కనపడింది చూడండి, అక్కడ ఆగిపోయాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగి నిలబడ్డాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది, ముక్కు మీద నుంచి చెమట బొట్లు బొట్లుగా బండ మీద పడతా ఉంది. "ఇంక నా వల్ల కాదురా, మీరు పోయిరండి" అన్నాడు.

మేమందరం మొదలుపెట్టాం, ఇంకొంచెమే బావా, నువ్వు ఎక్కగలవు బావా, అని. అక్క మాత్రం ఆ మాటలేం అనలేదు. "ముందు కూర్చో. కూర్చుని చెప్పు" అంది.

కూర్చోబెట్టింది. సీసాలో ఉప్పేసిన మజ్జిగ ఇచ్చింది, నిమ్మకాయ పులిహోర గుప్పెడు పెట్టింది, బూట్లు విప్పించింది. విప్పితే లోపల సాక్సు మడతపడి వేళ్ళ కింద ఉండలాగా ఉంది, పొద్దున్నుంచి దాని మీదే నడుస్తున్నాడు మహానుభావుడు. ఎవరూ దుర్గం మాట ఎత్తలేదు, షాపులో ఎవరో అప్పు ఎగ్గొట్టిన సంగతి మాట్లాడుకున్నాం. కాసేపటికి ఆయనే తల పైకెత్తి చూసి "ఆ బురుజు దాకా పోయి చూద్దాంలే, అక్కడ చెప్తా" అన్నాడు. బురుజు కాడ మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ అదే మాట, ఇంకో చెట్టు దాకా. అట్టా అట్టా కొండ మీది మసీదు దాకా వచ్చాడు.

అదే బండ మీద మా ఫ్రెండు ఒకడు కూడా కూర్చున్నాడు, వాడికి మోకాలు నొప్పి. వాడూ మజ్జిగ తాగాడు, పులిహోర తిన్నాడు, ఆయాసం తగ్గింది గానీ నొప్పి తగ్గలా. లేచి నాలుగడుగులు వేసి చూసుకుని "నేను దిగతా" అన్నాడు, ఇంకొకడు తోడు పోయాడు. వాడిని ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కూడా. నన్నడిగితే వాడిదీ మంచి నిర్ణయమే.

కొండకి పోయేవాళ్ళకి నేను చెప్పేది ఈ ఒక్కటే, నిలబడి తేల్చొద్దు. రొప్పుతా ఉన్నప్పుడు, దప్పిగ్గా ఉన్నప్పుడు, ఆకలిగా ఉన్నప్పుడు ఎవరికైనా ఇంటికి పోదామనే అనిపిస్తది. కూర్చోండి, ఉప్పు ఉన్నదేదైనా తాగండి, రెండు ముద్దలు తినండి, బూట్లు విప్పి చూసుకోండి, గుండె దడ తగ్గనివ్వండి. అలసట చాలావరకు తగ్గిపోతది. కూర్చున్నా తగ్గని నొప్పి ఉంటే, తల తిరుగుడు ఉంటే, అది అలసట కాదు, దిగిపోండి.

ఇంకోటి, కిందకి దిగే టైము కింద ఉన్నప్పుడే అనుకోండి. మేం పన్నెండు అనుకున్నాం, మసీదు కాడ బావకి ఇంకా చుట్టూ చూడాలనుంది, అక్క ఒప్పుకోలేదు, "దిగేటప్పుడే కాళ్ళు వణికేది, నడువు" అంది. నిజంగానే వణికాయి, అందరివీ.

పోవాలనుకుంటే సంక్రాంతి అయినాక పోండి, ఎండలు ముదిరితే మాత్రం ఆ బండల జోలికి పోవద్దు. ఒంటరిగా పోవద్దు, ఊళ్ళో దారి తెలిసినోళ్ళని వెంట తీసుకుపోండి, నీళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువే పెట్టుకోండి. ఉంటాను, నమస్కారం.