నోట్‌బుక్కు చిరగడానికి ముందు నిమిషం

అందరికీ నమస్కారం. పిల్లల అల్లరి వెనక కారణం ఎలా వెతకాలో ఈరోజు మాట్లాడుకుందాం.

ఆదోని, కోసిగి వైపు బడుల నుంచి వచ్చిన సార్లకు, మేడమ్‌లకు సుగ్గి వలస అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు ఇళ్లకు ఇళ్లే కదిలిపోతాయి. కొందరు పిల్లలు అమ్మానాయనల వెంట పోతారు, కొందరు అవ్వ దగ్గర ఉండిపోతారు. నెలల తర్వాత తిరిగొచ్చి తరగతిలో కూర్చున్న పిల్లవాడికి మనం పెట్టే పేరు ‘మొండోడు’.

నా నాలుగో తరగతిలో అలాంటి పిల్లవాడే ఒకడు ఉండేవాడు. బోర్డు నింపి ‘ఎక్కించుకోండి’ అనగానే పక్కవాడి నోట్‌బుక్కు లాక్కొని చింపేవాడు. బయట నిలబెట్టేదాన్ని. వేపచెట్టు కింద చీమల బారు చూసుకుంటూ నెమ్మదిగా ఉండేవాడు. మర్నాడు మళ్లీ అదే. ఎంత శిక్షించినా మారడేమిటని నాకు ఒకటే టెన్షన్.

ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకొని వాచకం తెరిచాను. ఒత్తు ఉన్న పదం వస్తే చాలు, వేలు అక్కడే ఆగిపోయేది. ‘రాదని చెప్పొచ్చు కదరా?’ అన్నాను. ‘రాదంటే అందరూ నగుతారు మేడమ్’ అన్నాడు. నవ్వులపాలవడం కంటే తిట్లు తినడమే మేలనుకున్నాడు, తొమ్మిదేళ్ల పిల్లవాడు! వాడికి కావలసింది ఆ బోర్డు ముందు నుంచి బయటపడటం. రోజూ వాణ్ణి బయటికి పంపింది నేనే. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత వాడికి బోర్డంతా కాకుండా నాలుగు పదాలే ఇచ్చాను. ‘రాకపోతే పలక బోర్లా పెట్టు, నేనే వస్తా’ అన్నాను. బయటికి పంపడం మానేశాను. మొదటి వారం చింపడం ఇంకా ఎక్కువైంది. ఇన్నాళ్లూ పనిచేసిన దారి మూసుకుపోతే పిల్లలు ముందు దాన్నే ఇంకా గట్టిగా నెడతారు. మనలో చాలామంది ‘లాభం లేదు’ అని వదిలేసేది సరిగ్గా అక్కడే. దయచేసి అక్కడ వదలకండి. రెండో వారంలో ఒకరోజు పలక బోర్లా పడింది. చేతిలో పని వదిలేసి పోయాను. పిలిస్తే మనం వస్తామని నమ్మకం కుదిరితేనే కదా, వాడు చింపడం మానేది!

అందరిదీ ఇదే కారణం కాదు. ఒకరు మన చూపు తమ మీద పడాలని అల్లరి చేస్తారు, ఇంకొకరు కావలసిన వస్తువు కోసం కొడతారు, కొందరికి గోల, రద్దీ ఒంటికే పడవు. పైకి కనిపించే పని ఒకటే, లోపలి అవసరం వేరు. అందుకే ఒక నోట్‌బుక్కు పెట్టి మూడు గడులు గీయమంటాను: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత వాడికి ఏం దక్కింది. ‘పొగరుగా ఉన్నాడు’ అని రాయకండి. ‘పదకొండు గంటలకు, లెక్కల పీరియడ్‌లో, పెన్సిల్ విసిరాడు’ అని రాయండి. ఐదారు రోజులు రాస్తే, ఎప్పుడూ అదే పీరియడా, అన్నం గంటకు ముందా, పక్కన ఫలానా పిల్లవాడు ఉన్నప్పుడేనా అన్నది కనిపించడం మొదలవుతుంది.

ఇంకొక మాట. కారణం వెతికే ముందు ఒళ్లు చూడండి. పొద్దున ఏమైనా తిన్నాడా, రాత్రి నిద్రపోయాడా, చెవిలో చీము కారుతోందా, బోర్డు కనిపిస్తోందా? చెవి సరిగా వినపడని పిల్ల ‘చెప్పిన మాట వినదు’ అని తిట్లు తింటూ ఉంటుంది. అనుమానం వస్తే బడికి వచ్చే ఆరోగ్య బృందానికి చూపించండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో అడగండి.

బెత్తం గురించి ఎక్కువ చెప్పను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అరవై మంది ఉన్న గదిలో ఇదంతా కష్టమని నాకు తెలుసు. అందుకే అందరి గురించీ రాయమనడం లేదు. మిమ్మల్ని అందరికంటే ఎక్కువ అలసగొట్టే ఒక్క బిడ్డను ఎంచుకోండి. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు ఆ వారం రోజుల పేజీ పట్టుకొని రండి. పేరు మాత్రం రాయకండి. పేజీలన్నీ ముందేసుకొని కలిసి చదువుదాం.